క్లచ్ అంటే పట్టుకోవడమా, వదిలెయ్యడమా? ఒక ఇంగ్లీషు మాట వెంట నా ప్రాజెక్టు డైరీ

1వ రోజు

ఇవాళ ఇంటర్ ఫస్టియర్ క్లాసులో ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాం. తిరనాళ్ళ జనంలో తప్పిపోతానేమోనని భయపడి ఓ పాప వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుంటుంది. ఆ పట్టుకోవడానికి వాక్యంలో వాడిన క్రియ ‘క్లచ్’. నేను ఎప్పటిలాగే బోర్డు మీద ‘గట్టిగా పట్టుకొను’ అని రాసి ముందుకు వెళ్ళబోయాను. చివరి బెంచీలోంచి ఒకబ్బాయి లేచాడు.

“మేడం, బండికి క్లచ్ పట్టుకుంటే ఇంజన్ పట్టు వదిలేస్తుంది కదా. మరి క్లచ్ అంటే పట్టుకోవడమా, వదిలెయ్యడమా?”

క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం ఆ ప్రశ్న సాయంత్రం దాకా మనసులోంచి పోలేదు. ఆ అబ్బాయికి ఇంగ్లీషు రాక అడిగిన ప్రశ్న కాదది. చేత్తో రోజూ వాడే వస్తువుకీ పుస్తకంలో కనిపించిన మాటకీ పొంతన కుదరక అడిగాడు. పదహారేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదు. “రేపు చెబుతాను” అనకుండా “కనుక్కుని చెబుతాను” అన్నాను.

ఇంటికొచ్చాక నిర్ణయించుకున్నాను. పట్టుకోవడానికి ఇంగ్లీషులో ఉన్న క్రియలకి ఒక్కో కార్డు తయారు చేస్తాను. కార్డు మీద ఆ పట్టు ఎలా ఉంటుందో చూపించే చేతి ఫొటో, కింద తెలుగు, ఆ కింద ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాలుగు లైన్లు. హోల్డ్, గ్రిప్, గ్రాస్ప్, గ్రాబ్, క్లచ్, క్లెంచ్, క్లాస్ప్, క్లింగ్: మొత్తం ఎనిమిది. కాలేజీ లైబ్రరీ టేబుల్ మీద పెడితే ఎవరైనా తీసి చూసుకోవచ్చు. మొదటి కార్డు క్లచ్‌దే.

2వ రోజు

ముందు తెలుగు వైపు నుంచి మొదలుపెట్టాను. తెలుగులో ఆ ఎనిమిదింటికీ ‘పట్టుకొను’ అని రాసేసి ఊరుకుంటే కార్డుల వల్ల ఉపయోగం లేదు.

అమ్మ వంటింట్లో కూర తరుగుతుంటే పక్కన పీట వేసుకుని కూర్చుని అడిగాను. అమ్మకి ఇంగ్లీషు రాదు. కానీ చెయ్యి ఎన్ని రకాలుగా పట్టుకుంటుందో నాకంటే బాగా తెలుసు. తనే చేసి చూపిస్తూ చెప్పింది. పరిగెత్తే కోడిపిల్లని ఒడిసిపట్టాలి. పసిబిడ్డని పొదివి పట్టుకోవాలి. మందు తాగనని పెనుగులాడే పిల్లాణ్ణి అదిమిపట్టాలి. ఊపిరి బిగబట్టాలి. పిడికిలి బిగించాలి. పసివాళ్ళు కొంగు పట్టుకుని వదలరు. “గుప్పిట పట్టడం వేరు, గుప్పిట్లో పెట్టుకోవడం వేరు” అని కూడా అంది. రెండోది మనిషిని చెప్పుచేతల్లో ఉంచుకోవడం కదా. ఇంగ్లీషులో దానికి సరిగ్గా ఈ క్లచ్ మాటే, బహువచనంలో వాడతారు. ఫలానావాడి ‘క్లచెస్‌’లో పడ్డాడంటే వాడి గుప్పిట్లో చిక్కాడని. ఈ వాడుక 1520ల నుంచీ ఉంది.

ఇక ఉడుంపట్టు. గోడకి అతుక్కున్న ఉడుముని చూడని నా విద్యార్థులకీ ఆ మాట తెలుసు. వదలని పట్టు అంటే మనకి మొదట గుర్తొచ్చేది ఉడుమే.

రాత్రి ‘పట్టు’ అనే మాట సంగతి చూశాను. భాషాశాస్త్రవేత్తలు బరో, ఎమెనో కలిసి చేసిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (మొదటి ముద్రణ 1961, పెంచిన ముద్రణ 1984) మన పట్టుని తమిళ ‘పఱ్ఱు’ పక్కన చేరుస్తుంది. తమిళంలో జంట శకటరేఫ (బండి ర, ‘ఱ్ఱ’) ఉన్నచోట తెలుగులో ‘ట్ట’ వస్తుంది. వాళ్ళ ‘పుఱ్ఱు’ మన పుట్ట. వాళ్ళ ‘శుఱ్ఱు’ మన చుట్టు. అలాగే వాళ్ళ ‘పఱ్ఱు’ మన పట్టు. ఈ సంగతి పదో రోజున నాకు బాగా అక్కరకొచ్చింది.

4వ రోజు

క్లచ్ పుట్టుక గురించి పూర్తిగా చదివింది ఈ రోజే.

పాత ఇంగ్లీషులో దాని రూపం మన అక్షరాల్లో దాదాపు ‘క్ల్యుచ్చన్’. వెయ్యేళ్ళ కిందటి మాట. పద్నాలుగో శతాబ్దపు కవి చాసర్ కాలం నాటి ఇంగ్లీషుకి వచ్చేసరికి ‘క్లుచ్చెన్’ అయింది. అక్కడి నుంచి చివర అరిగి క్లచ్. వేరు జర్మానిక్ భాషలది, అంటే ఇంగ్లీషు, జర్మన్ లాంటి భాషల కుటుంబానిది. లాటిన్ నుంచో ఫ్రెంచి నుంచో తెచ్చుకున్నది కాదు, ఇంగ్లీషు సొంత మాట.

నన్ను కట్టిపడేసింది దాని అర్థం. మొదట్లో అది ‘గట్టిగా పట్టుకొను’ కాదు. ‘వేళ్ళు దగ్గరికి చేర్చి వంచు’ అని. అంటే పట్టుకోవడానికి ముందు చెయ్యి చేసే పని. చేతిలో వస్తువు ఉందా లేదా అన్నది ఆ మాటకి పట్టలేదు. వేళ్ళు ముడుచుకుంటే చాలు, అది క్లచ్.

ఇది చదివాక ఇంతకాలం నేను ముక్కలు ముక్కలుగా నేర్పిన వాడుకలన్నీ ఒక్కచోటికి వచ్చాయి. షేక్‌స్పియర్ మాక్‌బెత్ నాటకంలో హంతకుడు కాబోతున్న మాక్‌బెత్‌కి గాలిలో వేలాడుతూ ఒక బాకు కనిపిస్తుంది. దాన్ని పట్టుకోబోతాడు. అక్కడ వాడిన క్రియ క్లచ్. చెయ్యి మూసుకుంటుంది, లోపల ఏమీ ఉండదు. ‘గ్రిప్’ అని ఉంటే ఆ చోట పొసగదు. వస్తువు లేకుండా గ్రిప్ లేదు. ఖాళీ గాలిని క్లచ్ చెయ్యొచ్చు.

మునిగిపోయేవాడు గడ్డిపోచని పట్టుకోవడం అనే సామెతలోనూ అంతే. ఆ సామెత పాత రూపాల్లో క్యాచ్ అనే క్రియ ఉండేది, క్లచ్ తర్వాత వచ్చి చేరింది. చేరాక స్థిరపడిపోయింది. ఎందుకో ఇప్పుడు అర్థమవుతోంది. మునిగేవాడి వేళ్ళు గడ్డిపోచ కోసమని వంగవు. భయానికి వాటంతటవే ముడుచుకుంటాయి. ఆ ముడతలో ఏది పడితే అది దొరుకుతుంది.

కార్డు కోసం మొదటి రోజు రాత్రి తీసిన ఫొటో తీసేశాను. అందులో నా చెయ్యి స్టీలు గ్లాసుని నిబ్బరంగా పట్టుకుని ఉంది. అది గ్రిప్ ఫొటో. క్లచ్ ఫొటోలో భయం ఉండాలి, లేకపోతే ఆత్రం ఉండాలి.

6వ రోజు

ఆదివారం. మా వీధి చివర బండ్లు బాగుచేసే బాబాయి దగ్గరికి వెళ్ళాను. ఆ అబ్బాయి అడిగిన ప్రశ్నకి అసలు జవాబు పుస్తకంలో లేదు, ఇక్కడ ఉంది.

నేను వెళ్ళేసరికి ఒక వందసీసీ బండికి క్లచ్ ప్లేట్లు మారుస్తున్నాడు. ఇంజన్ ఆయిలు అప్పటికే దించేశాడు. కుడివైపు కవరు విప్పి పక్కన పెట్టాడు. “కూర్చో అమ్మా, సరిగ్గా టైముకొచ్చావ్” అని స్టూలు జరిపాడు. నా ప్రశ్న చెప్పాను. నవ్వలేదు. “మంచి ప్రశ్నే” అన్నాడు.

ముందు స్ప్రింగుల బోల్టులు విప్పాడు. పైన ఉన్న ప్రెజర్ ప్లేటు వచ్చేసింది. లోపల గిన్నెలాంటి హౌసింగులో పళ్ళేల దొంతర ఉంది. ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ రెండు రకాల ప్లేట్లు. ఒకటి నున్నటి ఉక్కుది. దాని మీద గరుకు ముక్కలు అతికించిన ఫ్రిక్షన్ ప్లేటు. మళ్ళీ ఉక్కుది. మళ్ళీ గరుకుది. అన్నీ ఆయిల్లో తడిసి ఉన్నాయి. పాతవి ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన వాసన. అదే క్లచ్ ప్లేట్లు కాలడమంటే.

బాబాయి చేతులు తుడుచుకుని ఒక ఉక్కు ప్లేటూ ఒక గరుకు ప్లేటూ కలిపి రెండు అరచేతుల మధ్య పెట్టుకున్నాడు. “పైదాన్ని తిప్పు” అన్నాడు. నేను అంచు పట్టుకుని తిప్పాను. ఆయన గట్టిగా నొక్కి ఉంచాడు కాబట్టి రెండూ కలిసి తిరిగాయి, వాటితో పాటు ఆయన మణికట్టు కూడా మెలితిరిగింది. “ఇప్పుడు తిప్పు” అంటూ అరచేతులు రవ్వంత వదులు చేశాడు. పైది మాత్రమే జర్రున తిరిగింది. కిందది కదల్లేదు.

“ఇంజన్ తిప్పేది గరుకు ప్లేట్లని. గేర్‌బాక్సుకి కలిసి ఉండేది ఉక్కు ప్లేట్లు. స్ప్రింగులు ఈ రెండింటినీ ఇరవైనాలుగ్గంటలూ నా అరచేతుల్లాగా నొక్కిపెట్టి ఉంచుతాయి. నువ్వు హ్యాండిల్ దగ్గర క్లచ్ పట్టుకుంటే వైరు లాగుతుంది, ప్రెజర్ ప్లేటు పైకి లేస్తుంది, ప్లేట్ల మధ్య సందు వస్తుంది. ఇంజన్ దాని మానాన అది తిరుగుతుంటుంది, చక్రానికి అందదు. నువ్వు వదిలావంటే స్ప్రింగులు మళ్ళీ పట్టేస్తాయి.”

అంటే ఆ పేరు హ్యాండిల్ దగ్గర ఉన్న లీవరుది కాదు, లోపలి ప్లేట్లది. క్లచ్ చేసేది ప్లేట్లు. మన వేళ్ళు చేసేది ఆ పట్టుని కాసేపు విడిపించడం. మనం లీవరుని కూడా క్లచ్ అనే పిలవడం వల్ల ‘క్లచ్ పట్టుకుంటే పట్టు వదులుతుంది’ అనే చిక్కు వచ్చింది.

ఇంగ్లీషులో యంత్రానికి ఈ పేరు పెట్టింది మోటారు బండ్ల వాళ్ళు కాదు. మోటారు బండ్లు రాకముందే 1814 నాటికి ఆ మాట యంత్రాల్లో ఉంది. మిల్లుల్లో తిరిగే ఇరుసుని ఒక యంత్రానికి తగిలించడానికీ మళ్ళీ విడదియ్యడానికీ వాడే అమరికకి క్లచ్ అన్నారు. మోటారు బండ్లకి ఆ పేరు 1899లో వచ్చింది. రెండు ఇనుప భాగాలు ఒకదాన్నొకటి పట్టుకోవడం వల్లే ఆ పేరు. వేళ్ళు వంచి పట్టే గోళ్ళ లాంటి పళ్ళున్న క్లచ్‌లు ఇప్పటికీ ఉన్నాయి. గేర్‌బాక్సుల్లో ఉండే అలాంటివాటిని డాగ్ క్లచ్ అంటారు. వాటిని చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో కంటికే తెలిసిపోతుంది.

“బాబాయ్, హాఫ్ క్లచ్ అంటే?”

“సగం పట్టు, సగం విడుపు” అన్నాడు. “ప్లేట్లు అరిగేది అక్కడే.”

పట్టు, విడుపు. ఇంత తేలిక మాట నాకు తట్టలేదు. నోట్సులో రాసుకున్నాను.

7వ రోజు

క్లాసులో ఆ అబ్బాయికి చెప్పాను. వాడు వెంటనే అర్థం చేసుకున్నాడు. కానీ ఇంకో ప్రశ్న వేశాడు. “అయితే మేడం, ఆ పాప అమ్మ చెయ్యి క్లచ్ చేసిందంటే స్ప్రింగులాగా పట్టుకుందనా?” ఆ పోలిక నాకు చాలా నచ్చింది. బలం పెట్టకుండానే దానంతటది బిగిసి ఉండే పట్టు.

9వ రోజు

ఫొటో దొరికింది. అనుకోకుండా.

అమ్మని కళ్ళ డాక్టరు దగ్గరికి షేర్ ఆటోలో తీసుకెళ్తున్నాను. ఒళ్ళో గుడ్డసంచి, అందులో పాత చీటీలు, కళ్ళజోడు. రైలు గేటు దాటాక ఎదురుగా సైకిలొచ్చి ఆటో గట్టిగా బ్రేకు పడింది. అమ్మ ఒక చేత్తో సంచిని గుండెకి అదుముకుంది, ఇంకో చేత్తో నా ముంజేతిని పట్టుకుంది. ఆ పట్టులో ఆలోచన లేదు. తను నా చెయ్యి వెతుక్కోలేదు. వేళ్ళు ముడుచుకున్నాయి, అందులో నా చెయ్యి ఉంది, అంతే. ఆటో కదిలాక కూడా చాలాసేపు వదల్లేదు. దిగాక చూస్తే నా ముంజేతి మీద నాలుగు వేళ్ళ అచ్చులు ఎర్రగా, గోళ్ళ గుర్తులు సన్నగా నెలవంకల్లా ఉన్నాయి.

సాయంత్రం అమ్మని అడిగి అదే చెయ్యి అదే చోట పెట్టించి ఫొటో తీశాను. మొదట్లో సరిగ్గా రాలేదు. “ఎలా పట్టుకున్నానో నాకేం తెలుసే, భయమేసింది పట్టుకున్నాను” అంది. చివరికి గోళ్ళ గుర్తులు పూర్తిగా మాయమయ్యే లోపు ఒక ఫొటో వచ్చింది. వేలి కణుపులు తెల్లబడి, మధ్యవేలి ఉంగరం కాస్త పక్కకి జరిగి. కార్డు మీద ఇదే వేస్తాను.

10వ రోజు

ఈ రోజు నా తప్పు ఒకటి దిద్దుకున్నాను.

ఇంగ్లీషులో కోడి ఒక్కసారి పొదిగే గుడ్లన్నిటినీ కలిపి క్లచ్ అంటారు. మన ఇళ్ళల్లో కోడిని పొదగేస్తే పది పన్నెండు గుడ్లు పెట్టి, ఇరవైయొకటో రోజున పిల్లల కోసం చూస్తాం కదా, ఆ గుడ్లు. నేను కార్డు వెనక ఎంతో ఇష్టంగా ఇలా రాసుకున్నాను: ‘తల్లి కోడి కాళ్ళతో, రెక్కలతో గుడ్లని పొదివి పట్టుకుంటుంది కాబట్టి ఆ గుడ్లకి క్లచ్ అని పేరు.’ రాసి అమ్మకి చదివి వినిపించాను కూడా. బాగుందంది.

బాగున్నంత మాత్రాన నిజం అయిపోదు. ఈ క్లచ్ వేరే మాట. దీని మూలం స్కాండినేవియా వైపుది. అక్కడి పాత నార్స్ భాషలో ‘క్లెక్యా’ అంటే గుడ్డు పొదిగి పిల్ల చెయ్యడం. దాన్నుంచి ఇంగ్లండులో ‘క్లెచ్’ అనే మాండలికం మాట వచ్చింది. అదే ఇంకో చోట క్లచ్ అని పలికారు. ఈ రూపంలో అది 1721 నుంచి కనిపిస్తుంది. పట్టుకునే క్లచ్‌తో దీనికి చుట్టరికం లేదు. రెండూ వేర్వేరు దార్లలో నడిచొచ్చి ఒకే పలుకు దగ్గర ఆగాయి.

పిల్లలకి ఇది ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే మన పట్టే గుర్తొచ్చింది. పట్టుచీరలో పట్టు, చెయ్యి పట్టులో పట్టు మన చెవికి ఒక్కటే. కానీ పట్టుచీరలో ఉన్నది సంస్కృత ‘పట్ట’ నుంచి వచ్చింది. చెయ్యి పట్టులో ఉన్నది మన సొంత ద్రావిడ మాట. తమిళంలో ఇవి ఇప్పటికీ వేరువేరుగానే ఉన్నాయి. వాళ్ళకి చీర ‘పట్టు’, చేతి పట్టు ‘పఱ్ఱు’. తెలుగులో శకటరేఫ జంట ‘ట్ట’గా మారడంతో రెండూ కలిసిపోయాయి. పట్టుకునే క్లచ్, గుడ్ల క్లచ్ సంగతీ అలాంటిదే అని చెబితే ఇక ఏ విద్యార్థీ తికమక పడడు.

పాత కార్డు చించేశాను. కొత్తదాని వెనక గుడ్ల సంగతికి ఒక్క లైను: ‘ఇది వేరే మాట, పేరు ఒక్కటే.’

13వ రోజు

గ్రాస్ప్ కార్డు మీద పని. ఈ కార్డు క్లచ్ కార్డుకి పక్కనే ఉండాలి. ఎందుకంటే తేడా చూపించేది ఇదే.

గ్రాస్ప్ మొదట్లో తడుముకోవడం, చెయ్యి చాచి వెతకడం. చీకట్లో అగ్గిపెట్టె కోసం తడిమే చెయ్యి. తర్వాత గట్టిగా పట్టుకోవడం అయింది. 1680లకల్లా మనసుతో పట్టుకోవడం, అంటే అర్థం చేసుకోవడం కూడా అయింది. దీన్ని ‘గ్రాప్స్’ లాంటి పాత రూపంలో అక్షరాలు అటూ ఇటూ మారి వచ్చిన మాటగా చూస్తారు. మన నవ్వులాట పిల్లలు ‘చాక్లెట్‌’ని ‘కాచ్లెట్’ అన్నట్టు.

ఇక్కడ తెలుగువాళ్ళకి నిజమైన చుట్టరికం ఒకటి ఉంది. గ్రాస్ప్, గ్రాబ్ రెండింటినీ నిఘంటువులు ఒక పాత ఇండో-యూరోపియన్ (సంస్కృతం, ఇంగ్లీషు లాంటి భాషల ఉమ్మడి మూలభాష) ధాతువు కిందికి చేరుస్తాయి. అదే ధాతువు సంస్కృతంలో వైదిక ‘గృభ్‌’గా, తర్వాత ‘గ్రహ్‌’గా ఉంది. అంటే మనం గ్రహించు అంటున్నప్పుడు ఆ ఇంగ్లీషు మాటల దూరపు బంధువునే పలుకుతున్నాం. పాణిగ్రహణం అంటే చెయ్యి పట్టుకోవడం. సంగ్రహం అంటే ఒక్కచోటికి చేర్చి పట్టడం. గ్రాహం అంటే పట్టుకుంటే వదలని మొసలి. రెండు దూర దేశాల్లో, రెండు భాషల్లో, చేత్తో పట్టుకునే మాటే బుద్ధితో అర్థం చేసుకునే మాట కూడా అయింది.

క్లచ్ మాత్రం ఎప్పుడూ బుద్ధిలోకి రాలేదు. పాఠాన్ని గ్రాస్ప్ చేస్తాం, ఎవరూ పాఠాన్ని క్లచ్ చెయ్యరు. అది చేతిలోనే, భయంలోనే ఉండిపోయింది. ఈ ఒక్క వాక్యం కోసం ఈ కార్డులన్నీ చెయ్యడం నాకు సంతోషం.

గ్రహణం గురించి కూడా రాసుకున్నాను. ‘గ్రహణం’లోనే పట్టుకోవడం ఉంది. అయినా మనం గ్రహణం పట్టింది అంటాం, గ్రహణం విడిచింది అంటాం. పట్టుస్నానం చేస్తాం, విడుపుస్నానం చేస్తాం. సంస్కృతం మాటకి మళ్ళీ మన పట్టు, విడుపు తగిలించాం. మెకానిక్ బాబాయి హాఫ్ క్లచ్‌కి చెప్పిన మాటే ఇది.

16వ రోజు

క్లెంచ్, క్లాస్ప్, క్లింగ్ త్వరగా అయిపోయాయి. క్లెంచ్‌కి పిడికిలి, పళ్ళు బిగించడం. క్లాస్ప్‌కి రెండు చేతులు ఒకదాంట్లో ఒకటి, గొలుసు కొక్కెం. క్లింగ్‌కి తల్లి పొట్టని అంటిపెట్టుకున్న కోతిపిల్ల. మన పెద్దలు మర్కట కిశోర న్యాయం అనేది దాన్నే. తల్లి పట్టుకోదు, పిల్లే పట్టుకోవాలి. క్లింగ్‌కి ఇంతకంటే మంచి తెలుగు బొమ్మ ఎక్కడుంటుంది!

కార్డులన్నీ టేబుల్ మీద పరిచాక ఒక సంగతి కంట్లో పడింది. క్లచ్, క్లెంచ్, క్లింగ్, క్లాస్ప్, క్లాంప్, గోళ్ళకి వాడే క్లా, కాగితాలకి పెట్టే క్లిప్. అన్నీ ‘క్ల’ తోనే మొదలు. క్లిప్ పాత ఇంగ్లీషులో కౌగిలించుకోవడం అంటే ఆశ్చర్యం వేస్తుంది, కానీ నిజం. ఇవన్నీ ఒకే వేరు నుంచి పుట్టినవి కావు. అయినా ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ చెవికి ఆ ‘క్ల’లోనే అతుక్కోవడం వినిపిస్తుంది. ఇలా ఒక అర్థాన్ని మోసుకొచ్చే ధ్వనుల గుంపుకి 1930లో ఒక పేరు పెట్టినాయన భాషాశాస్త్రవేత్త జె.ఆర్. ఫర్త్. ఆయన 1920లలో లాహోరులో ఇంగ్లీషు ప్రొఫెసరు. 1937లో గుజరాతీ, తెలుగు అధ్యయనం కోసం మళ్ళీ మన దేశం వచ్చాడు.

తెలుగులో నాకు అలా వినిపించేది ‘బి’. బిగి, బిగువు, బిగుతు, బిగించు, బింకం, బిర్రు, బిరుసు, బిరడా. రాత్రి పడుకునే ముందు ఇవి ఒకదాని తర్వాత ఒకటి పైకి అనుకుంటే పెదాలు కూడా బిగుసుకుంటున్నాయి.

18వ రోజు

ప్రింటు తీయించడానికి ఇచ్చాను. వాళ్ళ పాత ఫాంటులోకి మార్చేసరికి వత్తులన్నీ చెదిరిపోయాయి. ‘క్లచ్’ కాస్తా ‘క్‌లచ్‌’ అయింది. ‘గ్రహించు’లో ర వత్తు ఎగిరిపోయి ‘గహించు’ మిగిలింది. ఎనిమిది కార్డులూ కూర్చుని అక్షరం అక్షరం చూశాను, రెండు గంటలు పట్టింది. చివరికి టైపు చేయించడం మానేసి నేనే ఫోన్లో కూర్చిన పేజీని బొమ్మగా పంపాను. అప్పుడు సరిగ్గా వచ్చింది. మందమైన కాగితం, సగం పేజీ సైజు, రెండు వైపులా ప్రింటు, పైన ప్లాస్టిక్ పొర.

21వ రోజు

క్లచ్ కార్డు మీద ఉన్నది ఇదీ:

ముందు వైపు అమ్మ చెయ్యి, నా ముంజేయి. కింద పెద్ద అక్షరాల్లో ‘క్లచ్’. తెలుగు: ‘భయంతోనో ఆత్రంతోనో వేళ్ళు ముడిచి గట్టిగా పట్టుకొను, అందీ అందకుండా పట్టుకోబోవు.’ వెనక వైపు: ‘పాత ఇంగ్లీషు మాట. మొదట వేళ్ళు వంచడం మాత్రమే. ఆ తర్వాత పట్టుకోవడం. 1814 నాటికి యంత్రాల్లో, 1899లో మోటారు బండ్లలో. బండిలో క్లచ్ చేసేది లోపలి ప్లేట్లు. మన చెయ్యి ఆ పట్టుని విడిపిస్తుంది. హాఫ్ క్లచ్: సగం పట్టు, సగం విడుపు. గుడ్ల క్లచ్ వేరే మాట, పేరు ఒక్కటే.’

కార్డు మొదట ఆ అబ్బాయికే ఇచ్చాను. నిలబడి రెండు వైపులా చదివాడు. ఫొటో దగ్గర ఆగి, “ఈ చెయ్యి ఎవరిది మేడం?” అన్నాడు. మా అమ్మదన్నాను. కాసేపు చూసి, “ఉంగరం జరిగింది” అన్నాడు. నేను అంత శ్రద్ధగా తీసిన ఆ ఒక్క వివరం వాడి కంటికి ఆనింది.

మధ్యాహ్నం లైబ్రరీలో ఆ కార్డు వెనక పెన్సిలుతో ఒక లైను కనిపించింది, వాడి చేతిరాతే: ‘మా ట్రాక్టరుకి కాలితో క్లచ్. తొక్కితే విడుపు.’ దాన్ని చెరపలేదు. రెండో ముద్రణలో ఆ లైను కూడా చేరుస్తాను. గ్రిప్ కార్డుకి కూడా అప్పటికి ఇంకా సరైన చెయ్యి దొరకాలి. రేపు ఉదయం బాబాయి షాపులో, స్పానరు పట్టుకున్న చేతిని అడగాలి.